టైమింగ్ బెల్ట్ మార్పు ఖర్చు: ఒక గడువంతా నడిపాక పూర్తి కిట్ మీద నా సమీక్ష

టైమింగ్ బెల్ట్ బిల్లులో బెల్ట్ చాలా చిన్న పద్దు. ఇది తెలియకుండా బేరమాడితే తగ్గకూడని చోటే ఖర్చు తగ్గిస్తారు. నా నాలుగు సిలిండర్ల డీజిల్ కారుకు మొదటిసారి వర్క్‌షాప్ వాళ్లు బెల్ట్ ఒక్కటే మార్చారు. ఆ తర్వాత పూర్తి కిట్ పడింది. ఆ కిట్ గడువు తీరి మళ్లీ విప్పించాక ఇది రాస్తున్నాను. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) రెండింటినీ లయ తప్పకుండా కలిపి తిప్పడమే బెల్ట్ పని, అంతకు మించి ఇక్కడ చెప్పబోవడం లేదు. నా కోపమంతా ఐడ్లర్ పుల్లీ (బెల్ట్‌కు దారి చూపే చిన్న చక్రం) మీద, అంతకన్నా ఎక్కువగా "బాగానే తిరుగుతోంది కదా" అని పాతదాన్నే వదిలేసే అలవాటు మీద.

డబ్బు ఎక్కడికి పోతుందో ముందు చూద్దాం. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న కార్లలో బెల్ట్ దాకా చేరడమే అసలు పని. కుడి వైపో ఎడమ వైపో ఒక చక్రం, దాని లోపలి ప్లాస్టిక్ షీల్డ్, ఆల్టర్నేటర్ నడిపే బయటి బెల్ట్, క్రాంక్ పుల్లీ, పై కవర్, కింది కవర్ అన్నీ విప్పాలి. చాలా కార్లలో ఆ వైపు ఇంజిన్ మౌంట్ కూడా ఊడదీయాలి. అందుకు కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ఇంజిన్‌ను ఆపి ఉంచాలి. ఇదంతా విప్పి బిగించడానికి అలవాటున్న చేతికి మూడు నుంచి ఐదు గంటలు. అక్కడిదాకా చేరాక బెల్ట్ మార్చడం నిమిషాల పని. ఐడ్లర్, టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా ఉంచే చక్రం) ఒక్కో బోల్టు మీదో నట్టు మీదో ఉంటాయి కాబట్టి వాటికి లేబర్ దాదాపు పెరగదు. టైమింగ్ బెల్టే నడిపే వాటర్ పంప్ అయితే కూలెంట్ దింపడం, పాత గాస్కెట్ గీకడం, మళ్లీ నింపి గాలి తీయడం కలిపి మహా అయితే ఇంకో గంట. అంటే బెల్ట్ ఒక్కటే వేసినా లేబర్ దాదాపు అంతే పడుతుంది. తగ్గేది విడిభాగాల పద్దు ఒక్కటే.

ఆ పద్దులో మిగిలింది ఎలా తిరిగి పోయిందో చెబుతాను. కొత్త బెల్ట్ పడి గడువులో సగం కూడా గడవక ముందే, పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సెకన్లు సన్నగా గరగర వినిపించేది. వేడెక్కితే పోయేది. కొన్నాళ్లకు వేడెక్కినా పోలేదు, యాక్సిలరేటర్ నొక్కితే దాంతోపాటు పెరిగింది. ఈ శబ్దానికి నింద ముందు ఆల్టర్నేటర్ మీద పడుతుంది. నిజం తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. బయటి బెల్ట్ తీసేసి ఇంజిన్‌ను అర నిమిషం నడపాలి. శబ్దం పోతే తప్పు ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ వైపున ఉన్నట్టు. అలాగే ఉంటే అది టైమింగ్ కవర్ వెనక నుంచి వస్తున్నట్టు. వాటర్ పంప్‌ను నడిపేది ఆ బయటి బెల్టే అయితే అర నిమిషం దాటనివ్వకండి, ఇంజిన్ చుట్టూ నీళ్లు తిరగవు.

శబ్దం అలాగే ఉంది. పై కవర్ క్లిప్పులు తీసి చూస్తే లోపలి గోడలకు నల్లటి పొడి, బెల్ట్ ఒక అంచున నూగులా లేచిన దారాలు. పళ్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. పాత ఐడ్లర్ బేరింగ్ వదులై పుల్లీ ఒక పక్కకు వాలింది. వాలిన పుల్లీ మీద బెల్ట్ నిటారుగా నడవదు, పక్కకు జరిగి అంచును దేనికో ఒకదానికి రాస్తూ పోతుంది. బెల్ట్ బలమంతా లోపలి గాజు నార తాళ్లదే. అంచు తాళ్లు ఒక్కొక్కటే తెగుతుంటే వెడల్పు తగ్గుతుంది, మిగిలిన తాళ్ల మీద బరువు పెరుగుతుంది. చివరకు బెల్ట్ తెగుతుంది, లేదా బేరింగ్ బిగుసుకుని పళ్లు ఊడిపోతాయి. నా కారు ఆ దశకు చేరక ముందే విప్పారు. అయినా లేబర్ మొత్తం మళ్లీ కట్టాల్సి వచ్చింది. సగం జీవితం మిగిలిన బెల్ట్ చెత్తలోకి పోయింది.

మొదటిసారి విప్పినప్పుడే దొరకాల్సిన లోపం ఇది. ఐడ్లర్‌లో ఉండేది సీల్ చేసిన బేరింగ్. అందులో గ్రీజు ఒక్కసారే పెడతారు, మళ్లీ నింపే వీలుండదు. వ్యాసం క్రాంక్ మీది పళ్ల చక్రం కన్నా చిన్నదైతే అది ఇంజిన్ కన్నా వేగంగా తిరుగుతుంది, కవర్ లోపలి వేడిలోనే బతుకుతుంది. మొదటి బెల్ట్‌తో పాటే దాని గ్రీజు కూడా ముసలిదైపోతుంది. పైగా కొత్త బెల్ట్‌ను మళ్లీ పూర్తి బిగువుతో లాగుతారు, ఆ బరువంతా ఈ ముసలి బేరింగ్ మీదే పడుతుంది. వేలితో తిప్పి "చూడండి, ఎంత బాగా తిరుగుతోందో" అని చూపించే వాళ్లున్నారు. అసలు చెడ్డ గుర్తు అదే. గ్రీజు నిండుగా ఉన్న బేరింగ్ వేలితో తిప్పితే కాస్త బరువుగా కదిలి వెంటనే ఆగుతుంది. గిరగిరా చాలాసేపు తిరిగిందంటే లోపల గ్రీజు ఎండిపోయినట్టు. కొత్తదాన్ని పక్కన పెట్టి రెండూ తిప్పి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

రెండోసారి పూర్తి కిట్: బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంప్. దాన్ని గడువంతా నడిపి విప్పించినప్పుడు బెల్ట్ రెండు అంచులూ తిన్నగా ఉన్నాయి. కవర్‌లో పొడి లేదు. టెన్షనర్ మీద బిగువు చూపే సూచి ఇంకా సరైన బిగువు గాడికి ఎదురుగానే ఉంది. కిట్ పెట్టెకు పెట్టిన డబ్బు ఇక్కడే పూర్తిగా గిట్టుబాటైంది.

అయితే పెట్టె మొత్తానికీ మార్కులు వేయలేను. అందులోని వాటర్ పంప్ గడువు చివరికి వచ్చేసరికి చెమర్చింది. పంప్ షాఫ్ట్ సీల్ దాటిన కూలెంట్ బయటకు రావడానికి కింద చిన్న రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ కూలెంట్ రంగులో ఎండిన పొర కనిపించింది. ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే ఆ కూలెంట్ బెల్ట్ మీదా బేరింగ్ మీదా పడేది. కిట్ పెట్టె మీద ఒకే పేరున్నా లోపలివన్నీ ఒకే చోట తయారు కావు. బెల్ట్ ఒకరిది, బేరింగులు ఇంకొకరివి, పంప్ మరొకరిది కావచ్చు. బెల్ట్ మీద గేట్స్, డేకో, కాంటినెంటల్ లాంటి పేరు, బేరింగ్ మీద ఐఎన్ఏ, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్ లాంటి పేరు చెక్కి ఉందో లేదో పెట్టె తెరిచి చూడండి. పంప్‌కు ఏ పేరూ లేకపోతే పంప్ లేని కిట్ తీసుకుని, కారు కంపెనీకి సరఫరా చేసేవారి పంప్ విడిగా కొనడం మేలనిపిస్తోంది. ఖర్చు కాస్త పెరుగుతుంది. కానీ పంప్ ఒక్కదాని కోసం మళ్లీ విప్పించే లేబర్ కన్నా తక్కువే.

బిల్లులో కనిపించకుండా పోయే చిన్న సామాను కూడా ఉంది. క్రాంక్ పుల్లీ బోల్టు చాలా ఇంజిన్లలో ఒక్కసారి వాడేదే, బిగించేటప్పుడు అది సాగుతుంది. కొన్ని ఫోక్స్‌వ్యాగన్ డీజిళ్లలో క్రాంక్ బోల్టును 120 న్యూటన్ మీటర్లకు బిగించి ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పాలి. అలా ఒకసారి సాగిన బోల్టును మళ్లీ వాడకూడదు. ఇంజిన్ మౌంట్ బోల్టులు కూడా చాలా చోట్ల ఇదే కోవలోకి వస్తాయి. ఇవి అన్ని కిట్లలోనూ రావు, ముందే అడిగి తెప్పించుకోవాలి. క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్ల విషయంలో నా పద్ధతి వేరు: తడిగా ఉంటే మార్చాల్సిందే, పొడిగా ఉంటే కదపను. బాగున్న సీల్ పీకి కొత్తది వంకరగా దిగితే, కారే ఆయిల్ కొత్త బెల్ట్ రబ్బరును తినేస్తుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడగలిగితే కొన్ని విషయాల మీద కన్నేయండి. పని చల్లటి ఇంజిన్ మీదే జరగాలి. క్రాంక్, క్యామ్ రెండింటినీ ఆ ఇంజిన్ కోసం చేసిన పిన్నులతో లాక్ చేయాలి. కానీ ఆ పిన్నులు స్థానం చూపడానికే. వాటి ఆధారంతో క్రాంక్ బోల్టు ఊడదీస్తే పిన్ను విరుగుతుంది, పుల్లీని వేరే పనిముట్టుతో పట్టుకోవాలి. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ మీది పళ్ల చక్రానికి కీ ఉండదు, బోల్టు బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. అక్కడ తాకే తలాల మీద ఆయిల్ జిడ్డు మిగిలితే చక్రం జారి టైమింగ్ తప్పుతుంది. బెల్ట్‌ను మడవకూడదు, లోపలి వైపు బయటికి తిప్పకూడదు, స్క్రూడ్రైవర్‌తో చక్రం మీదికి ఎక్కించకూడదు. టెన్షనర్‌ను బాణం చూపిన దిక్కుకే తిప్పి సూచిని గాడికి తేవాలి. తర్వాత పిన్నులు తీసి, క్రాంక్‌ను చేత్తో ఇంజిన్ తిరిగే దిక్కుకే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్యామ్ సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి రెండు చుట్లకు గానీ గుర్తులు మళ్లీ కలవవు. అప్పుడు పిన్నులు ఇబ్బంది లేకుండా దూరాలి, సూచి గాడి దగ్గరే ఉండాలి. తిప్పుతుంటే మధ్యలో ఏదైనా తగిలి ఆగిందంటే బలవంతం చేయకూడదు, పిస్టన్‌కు వాల్వ్ తగులుతోంది. స్టార్ట్ చేశాక వేగంతో పాటు సన్నటి ఈల పెరుగుతుంటే బిగువు ఎక్కువైందని అనుమానించాలి. కవర్‌కు కొట్టుకుంటున్న చప్పుడైతే వదులు.

గడువు ఇంజిన్‌ను బట్టి 60,000 కిలోమీటర్ల నుంచి లక్షన్నర పైదాకా ఉంటుంది. దాని పక్కనే ఏళ్ల లెక్క ఉంటుంది, ఏది ముందొస్తే అది. తక్కువ తిరిగే కార్లకు ఏళ్ల లెక్కే వర్తిస్తుంది, చాలామంది మరిచేది దాన్నే. కొన్ని టొయోటా డీజిళ్లలో డ్యాష్‌బోర్డు మీద టైమింగ్ బెల్ట్ దీపం వెలుగుతుంది. అది లెక్కపెట్టేది కిలోమీటర్లనే, ఏళ్లను కాదు. మార్చాక దాన్ని రీసెట్ చేయించడం కూడా గుర్తుంచుకోవాలి. కంటితో చూసి "ఇంకా పగుళ్లు రాలేదు" అనడం పాత రబ్బరు బెల్టుల కాలం నాటి మాట. ఇప్పటి హెచ్ఎన్‌బీఆర్ (వేడిని బాగా తట్టుకునే కృత్రిమ) రబ్బరు పైకి నున్నగా ఉంటూనే లోపలి తాళ్లు అలసిపోతాయి.

డీజిల్ వాళ్లకు గడువు దాటించే వెసులుబాటు లేదు. కుదింపు నిష్పత్తి ఎక్కువ కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు తెరిచి ఉన్న వాల్వుకు చోటుండదు. బెల్ట్ తెగితే వాల్వులు వంగుతాయి, రాకర్లు విరుగుతాయి. హెడ్ దింపాలి, గాస్కెట్, హెడ్ బోల్టులు కొత్తవి వేయాలి, ఒక్కోసారి గైడ్లూ పోతాయి. ఆ బిల్లు బెల్ట్ కిట్ బిల్లుకు ఎన్నో రెట్లు.

నా కారు ఎక్కువ తిరుగుతుంది, ఇంకా చాలా ఏళ్లు ఉంచుకోబోతున్నాను. అందుకే ఇకపై పంప్ లేని కిట్, విడిగా మంచి పంప్ నాకు సరిపోతాయి. కొద్ది నెలల్లో అమ్మేసే కారైతే పంప్ దగ్గర వెనక్కి తగ్గినా అర్థం చేసుకోగలను. పంప్ బయటి బెల్ట్ మీద నడిచే ఇంజిన్లలో దాన్ని ఇప్పుడే మార్చాలన్న తొందరా లేదు. బెల్ట్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఇంజిన్లకు ఈ సమీక్ష సరిపోదు. అక్కడ ఆయిల్ రకం తప్పితే బెల్ట్ రబ్బరు రాలి ఆయిల్ పంప్ జల్లెడను మూసేస్తుంది, కాబట్టి లెక్క వేరు. ఐడ్లర్, టెన్షనర్ విషయంలో మాత్రం ఏ పరిస్థితిలోనూ రాజీ పడను. పని ఒప్పుకునేటప్పుడే ఆ రెండింటి పార్ట్ నంబర్లు ఎస్టిమేట్‌లో రాయించండి, పాతవి కిట్ పెట్టెలో పెట్టి వెనక్కి ఇవ్వమనండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ పై కవర్ మీద అతికించమనండి.