ఆ 'హిడెన్ స్పాట్స్' మ్యాపు కొనకండి, బే ఏరియా వస్తున్నవాళ్లు జాగ్రత్త

ఆయనెవరో మీ అందరికీ తెలుసు. గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద పొగమంచు పారుతున్న రీలు పెట్టి, కింద "లింక్ బయోలో ఉంది" అని రాసే పెద్దమనిషే. ఇండియా నుంచి పేరెంట్స్ దిగే సీజన్ రాగానే మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ప్రత్యక్షమవుతాడు. పేరు రాయను, రాస్తే అడ్మిన్ పోస్టు పీకేస్తాడు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల "ఎవరికీ తెలియని" ఫోటో జాగాల మ్యాపు 79 డాలర్లు. పొద్దున్నే దగ్గరుండి తీయించే షూట్‌కి మనిషికి ఇంకో 150. రెండూ జెల్‌లోనే (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే సర్వీసు) పంపాలి. ఎందుకు జెల్‌లోనే అని అడగాలన్న బుద్ధి ఎవడికుంది? పంపేశాం. టోపీ పడింది.

షూట్ జూలైలో, సూర్యోదయానికి, బ్యాటరీ స్పెన్సర్ దగ్గర, అంటే బ్రిడ్జికి ఉత్తరాన కొండ మీదున్న పాత ఫిరంగుల స్థావరం. బ్రిడ్జి లేదు. అంటే ఉంది, 746 అడుగుల టవరు ఎదురుగానే ఉంది. కానీ మంచులో పక్కనున్న మనిషే మసగ్గా కనిపిస్తున్నాడు. "ఇంకాస్త పైకి, హాక్ హిల్‌కి వెళ్దామా?" అంటే "ప్యాకేజీలో ఒక్క స్పాటేనండీ" అన్నాడు. ఫోన్లో ఏదో చూసుకుంటూ అన్నాడు, తల కూడా ఎత్తలేదు. మధ్యాహ్నం రీఫండ్ అడిగితే రాత్రికి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల టీవీ మోగుతూనే ఉంది: "చూడండీ, వెదర్ నా చేతిలో ఉండదు. అయినా ఇండియా నుంచి వచ్చినవాళ్లకి వెనకాల బ్రిడ్జి కనిపిస్తే చాలు కదండీ, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. మీకెందుకు ఇంత హడావుడి?"

బ్రిడ్జి కనిపిస్తే చాలట! కనిపించలేదు కదా మహానుభావా, గొడవంతా అదే కదా! తిరిగి జవాబు పంపితే ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయింది. డీపీ మాయం. బ్లాక్ చేసేశాడు. డబ్బు పోయినందుకు కాదు, "ఇండియా నుంచి వచ్చినవాళ్లకి చాలు కదా" అన్న ఆ ముక్కకి ఒళ్లు మండుతోంది. రెండు విమానాలు మారి, మోకాళ్ల నొప్పులతో, తెల్లవారుజామున స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని వచ్చిన పెద్దవాళ్ల గురించి అన్న మాట అది.

వెదర్ ఆయన చేతిలో లేదు, నిజమే. చూసుకోవడం చేతిలోనే ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా కాలిఫోర్నియా లోపలి మైదానం, సెంట్రల్ వ్యాలీ, మాడిపోతుంటుంది. అక్కడ వేడిగాలి పైకి లేచేకొద్దీ పసిఫిక్ మీది చల్లగాలి లోపలికి లాక్కోబడుతుంది. ఒడ్డు దగ్గర సముద్రం ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటుంది కాబట్టి ఆ గాలి మంచును మోసుకొస్తుంది. కొండల వరుస సముద్రమట్టం దాకా తెగి ఉన్నది బ్రిడ్జి కింది గోల్డెన్ గేట్ జలసంధి దగ్గర. అందుకే ఊరంతా ఎండగా ఉన్నా బ్రిడ్జి ఒక్కటీ మునిగి ఉంటుంది. ఇక్కడ ఆకాశం తేటపడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. జూలైలో సూర్యోదయం షూట్ అమ్మేవాడికి ఇంతమాత్రం తెలిసుండాలి.

తెలిస్తే జూలైలో కూడా ఫోటో వస్తుంది. ఆయన రీల్లో ఉన్నది అదే. కిటుకంతా మంచు పై అంచు ఎంత ఎత్తులో ఉందన్న దాంట్లో ఉంది. అంచు 746 అడుగుల లోపు ఉంటే టవర్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. హాక్ హిల్ 920 అడుగుల చిల్లర, కాబట్టి అక్కడ నిలబడితే మీరు మంచుకి పైన, బ్రిడ్జి మంచులో. బ్యాటరీ స్పెన్సర్ దానికి చాలా కింద, కాబట్టి అదే పొద్దున అక్కడ ఏమీ కనపడదు. ఒక్క మలుపు పైకి వెళ్లుంటే సరిపోయేదేమో, ప్యాకేజీలో లేదు మరి! అంచు ఆ 920 అడుగులు కూడా దాటితే హాక్ హిల్ కూడా దండగే. అప్పుడు మౌంట్ టామల్‌పైస్ ఎక్కాలి, దాని శిఖరం 2571 అడుగులు. అక్కడ రోడ్డుకి రాత్రి గేటు వేస్తారు, పొద్దున తీసే టైము ముందే చూసుకోండి.

ఈ ఎత్తు తెలుసుకోవడానికి 79 డాలర్లు అక్కర్లేదు. ఓక్లండ్ నుంచి వెదర్ బెలూన్లు వదులుతారు, ఆ గ్రాఫు నెట్‌లో ఉచితం. కింద చల్లగా ఉన్న గాలి ఏ ఎత్తున ఒక్కసారిగా వేడెక్కుతుందో చూడండి, మంచు పైకప్పు ఇంచుమించు అక్కడే. చాలామంది ఎయిర్‌పోర్టు రిపోర్టు చూసి పొరబడతారు. అందులో ఉండేది మేఘం అడుగు ఎత్తు, పై అంచు కాదు. ఇదంతా తలనొప్పి అనుకుంటే బయల్దేరే ముందు కొండల మీది లైవ్ కెమెరాలు తెరవండి. పైనున్న కెమెరాలో నక్షత్రాలు, కిందున్న దాంట్లో తెల్లగోడ కనిపిస్తే పైకి వెళ్లండి. రెండూ తెల్లగా ఉంటే ప్లాను మార్చి బేకి తూర్పు ఒడ్డుకో, బే మధ్యలో దీవి ట్రెజర్ ఐలాండ్‌కో వెళ్లండి.

ఇక ఆ మ్యాపు. నలభై పిన్నులు. ప్రతి పిన్ను పక్కనా "బెస్ట్ టైమ్: గోల్డెన్ అవర్". సూర్యుడు కిందుగా ఉండే ఆ బంగారు వెలుతురు రోజుకి రెండుసార్లు వస్తుంది, పొద్దుటిదా, సాయంత్రానిదా? రాయలేదు. ఎటు తిరిగి తీయాలి? లేదు. ఏ లెన్సు? లేదు. జాగా ఎక్కడుందో గూగులే చెప్తుంది, వెలుతురు ఎప్పుడు ఎటునుంచి పడుతుందో చెప్పడానికే కదా డబ్బులు తీసుకున్నది.

రాసిన ఒకటీ అరా కూడా తప్పే. అలామో స్క్వేర్ పార్కు ఎదురుగా వరసగా ఉన్న పెయింటెడ్ లేడీస్ అనే రంగుల పాత ఇళ్లకి "సూర్యోదయం" అని పెట్టాడు. ఆ ఇళ్ల ముఖాలు పడమరకి. పార్కులో నిలబడితే మీరు చూసేది తూర్పుకి, సూర్యుడు లేచేది ఇళ్ల వెనకనుంచి. ముందు గోడలు నల్లగా, ఆకాశం తెల్లగా పాలిపోయి వస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, రంగులు అప్పుడు పలుకుతాయి. మరీ పొద్దుగుంకే దాకా ఆగితే మీ వెనక గుట్ట నీడ, చెట్ల నీడ ఇళ్ల కింది సగం మీద పడుతుంది. 70 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య లెన్సు పెట్టి గడ్డిలో కాస్త పైకెక్కి తీస్తే వెనకాల డౌన్‌టౌన్ బిల్డింగులు ఇళ్లకి అంటుకున్నట్టు దగ్గరగా వస్తాయి. ఫోన్‌తో ఒకటి ఎక్స్‌లో, అంటే జూమ్ లేకుండా తీస్తే ఇళ్లు అగ్గిపెట్టెలే.

ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌కి సరిగ్గా తిరగేసి "సాయంత్రం" అన్నాడు. 1915 ఎగ్జిబిషన్ కోసం కట్టిన ఆ గుమ్మటం ముందున్న చెరువు నీళ్లు తూర్పు వైపున ఉన్నాయి. నీళ్ల అవతలి గట్టు మీద నిలబడి పడమరకి చూస్తూ తీయాలి, కాబట్టి ఎండ ముఖం మీద పడేది పొద్దున్నే. పైగా వేసవిలో మధ్యాహ్నం దాటితే గాలి లేచి నీళ్లు చెదురుతాయి, ప్రతిబింబం రాదు. ఈ రెంటినీ అటుదిటు చేసిన మనిషి అక్కడ కెమెరా పెట్టి ఉంటాడంటే నేను నమ్మను. ఎవరో పెట్టిన పిన్నులు కాపీ కొట్టినట్టుంది.

ట్రెజర్ ఐలాండ్‌కి "సన్‌సెట్" అని రాశాడు, అది సగం నిజం. సూర్యుడు దిగేది ఊరున్న పడమటి వైపుకే, అప్పుడు తీస్తే బిల్డింగులు మసిబొగ్గులు. దిగాక ఇంకో 20, 30 నిమిషాలు ఆగండి. ఆకాశం నీలం, కిటికీ లైట్లు పసుపు, రెండూ సమంగా తూగేది అప్పుడే. ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8, షట్టర్ పది పదిహేను సెకన్లు, కెమెరాలో ఈ సెట్టింగులతో మొదలుపెట్టండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేయండి. ఇంకో సంగతి: ఈ దీవి నుంచి చూస్తే గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాదాపు నేరుగా పడమర. మార్చి, సెప్టెంబరు 20 ప్రాంతాల్లో సూర్యుడు కూడా నేరుగా పడమటే దిగుతాడు కాబట్టి బ్రిడ్జి దగ్గరే మునుగుతాడు. డిసెంబరులో బాగా ఎడమకి, ఊరి మీదికి జరుగుతాడు. జూన్‌లో బ్రిడ్జికి కుడివైపు మారిన్ కొండల వెనక్కి పోతాడు. ఏ నెలలో వస్తున్నారో అడక్కుండా స్పాటు అమ్మేవాడికి ఏం తెలిసినట్టు?

అన్నిటికన్నా ఘోరం బేకర్ బీచ్. "ఫ్యామిలీ ఫ్రెండ్లీ, బ్రిడ్జికి దగ్గరగా ఉత్తరం చివరికి నడవండి" అని పిన్ను. ఫోటో వరకు అదే మంచి చోటు, సాయంత్రం ఎండ పడమటి నుంచి వచ్చి బ్రిడ్జి నారింజ రంగు మీద పూర్తిగా పడుతుంది. కానీ ఆ ఉత్తరం చివర బట్టల్లేకుండా తిరిగేవాళ్లు ఉంటారని, అది అక్కడ మామూలేనని ఊళ్లో అందరికీ తెలుసు. తప్పు వాళ్లది కాదు. అత్తామామల్ని తీసుకెళ్లేవాళ్లకి ఆ ఒక్క ముక్క చెప్పొద్దా? పార్కింగ్ దగ్గర, దక్షిణం వైపు ఆగిపోతే ఏ ఇబ్బందీ లేదు, 135 లేదా 200 మిల్లీమీటర్ల లెన్సు పెడితే బ్రిడ్జి నిండుగా వస్తుంది.

మార్షల్స్ బీచ్ పిన్ను ఇంకా ప్రమాదం. బ్రిడ్జికి చాలా దగ్గర, తడిసిన రాళ్లలో దాని ప్రతిబింబం, నిజంగానే అద్భుతం. కానీ దిగడానికి నిటారు మెట్లు, ఆటు పోటు చూసుకోకుండా వెళ్తే ఇసుకే మిగలదు. ఇక్కడ రోజులో ఎక్కువ పోటుకీ తక్కువ ఆటుకీ తేడా ఇంచుమించు 6 అడుగులు. బ్రిడ్జి కింద ఫోర్ట్ పాయింట్ దగ్గర 1854లో మొదలైన నీటిమట్టం లెక్క ఇప్పటికీ సాగుతోంది, ఆటుపోట్ల టైమ్ టేబుల్ ఉచితంగా దొరుకుతుంది. నీళ్లు తగ్గుతున్నప్పుడు దిగండి, పెరగడం మొదలైతే ఎక్కేయండి. సముద్రానికి వీపు పెట్టి పోజులివ్వకండి, అరగంట చిన్న అలలే వచ్చి ఉన్నట్టుండి ఒక పెద్దది కొడుతుంది. ఉప్పు తుంపర లెన్సు మీద ఎండితే పొడి గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు తడి, తర్వాత పొడి.

ఇంకో విషయం. బ్యాటరీ స్పెన్సర్, హాక్ హిల్, బేకర్ బీచ్, ఫోర్ట్ పాయింట్ అన్నీ నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్నవి. అక్కడ డబ్బులు తీసుకుని జనాన్ని తిప్పాలంటే వాళ్ల పర్మిట్ ఉండాలి. ఈయన్ని అడిగితే "మనం ఫ్రెండ్స్‌లా వెళ్తున్నామండీ" అన్నాడు. 150 తీసుకునే ఫ్రెండు! రేంజర్ ఆపితే మీ షూట్ అక్కడితో సరి. "డ్రోన్ షాట్ ఎక్స్‌ట్రా" అని కూడా పెట్టాడు, ఆ స్థలాల్లో డ్రోన్ ఎగరేయడమే నిషేధం.

కారులో వెళ్లేవాళ్లకి రెండు మాటలు, మ్యాపులో ఇవీ లేవు. హాక్ హిల్ దాటాక కాన్జెల్‌మన్ రోడ్డు వన్‌వే, నిటారుగా సముద్రం వైపు దిగిపోతుంది. పొరపాటున దిగితే వెనక్కి రావడానికి చుట్టు తిరిగి, ఒక్క వరస మాత్రమే పట్టే సొరంగం ముందు సిగ్నల్ పడేదాకా ఐదు నిమిషాల దాకా నిలబడాలి. ఈలోపు వెలుతురు పోతుంది. గోల్డెన్ గేట్ టోలు ఊళ్లోకి వచ్చే వైపే, క్యాష్ తీసుకోరు, నంబర్ ప్లేటు ఫోటో తీసి బిల్లు వేస్తారు. రెంటల్ కారైతే కంపెనీ తన ఫీజు కూడా కలుపుతుంది, ముందే ఆన్‌లైన్లో కట్టేయండి. కారులో బ్యాగులు వదలకండి. డిక్కీలో పెట్టాలనుకుంటే ఇంటి దగ్గరే పెట్టేసి బయల్దేరండి. వ్యూపాయింట్లో దిగి డిక్కీ తెరిచి సర్దితే, చూసేవాడికి ఎక్కడుందో మీరే చూపించినట్టు.

సరే, ఇక సలహా అంటే ఇంతే. షూట్ బుక్ చేసుకునేముందు మంచు పడితే ఎక్కడికి మారుస్తారో రాతపూర్వకంగా అడగండి, పార్క్ పర్మిట్ కాపీ అడగండి. జెల్ వద్దు, క్రెడిట్ కార్డు తీసుకుంటేనే కట్టండి, తేడా వస్తే బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టొచ్చు. జెల్‌లో మీరే పంపిన డబ్బు వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. ఇప్పటికే ఈయనకి కట్టేసినవాళ్లు ఉంటే కింద రాయండి, ఆ వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది.