టామ్‌క్యాట్ స్టార్టప్ బ్యాచ్ ఫైళ్లు: సెట్‌ఎన్వ్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

విండోస్ సర్వర్ల పనిలో కొత్తగా చేరినవారికి నేను ముందుగా చెప్పేది, అపాచీ టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) జిప్‌ను విప్పి, బిన్ ఫోల్డరులోని క్యాటలినా.బ్యాట్‌ను, అంటే సర్వర్‌ను లేపే, ఆపే బ్యాచ్ ఫైలును, నోట్‌ప్యాడ్‌లో మొదటి నుంచి చివరి వరకు చదవమని. ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను (ప్రోగ్రాములు చదువుకునేలా పేరు పెట్టి ఉంచే విలువలను) బ్యాచ్ ఫైలులో జాగ్రత్తగా వాడడం ఎలాగో తెలుసుకోవడానికి ఉచితంగా దొరికే నమూనాల్లో దీనికి సాటి వచ్చేది నాకు ఇంకా కనిపించలేదు. అయితే ఈ ఫైలు, మన మార్పుల కోసం దానికి తోడుండే సెట్‌ఎన్వ్ మనల్ని కాపాడేది కొన్ని పొరపాట్ల నుంచే. కాపాడలేనివి కూడా ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకొని వాడాలి.

ఫైలు ఆరంభంలోనే సెట్‌లోకల్ కమాండ్ కనిపిస్తుంది. దానివల్ల ఆ తరువాత పెట్టిన వేరియబుళ్లన్నీ స్క్రిప్ట్ ముగియగానే పోతాయి, తెరిచి ఉన్న కమాండ్ విండోలో వాటి జాడ మిగలదు. ఇది లేకపోతే, పాత విలువకు కొత్త ఆప్షన్లను జోడించే పంక్తి ఉన్న స్క్రిప్టును ఒకే విండోలో నాలుగుసార్లు నడిపినప్పుడు అవే ఆప్షన్లు నాలుగుసార్లు పేరుకుపోతాయి. మరికొంత కిందికి వెళితే క్లాస్‌పాత్‌ను, అంటే జావా తన కోడ్ ఫైళ్లను వెతికే చోట్ల జాబితాను, ఖాళీ చేసే పంక్తి ఉంటుంది. యంత్రంలో ఎవరో, ఎప్పుడో, వేరే సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన క్లాస్‌పాత్ మన సర్వర్‌లోకి చొరబడకుండా చేసిన ఏర్పాటు అది. టామ్‌క్యాట్‌ను విప్పిన ఫోల్డరును చెప్పే క్యాటలినా_హోమ్ విలువలో సెమీకోలన్ ఉంటే స్క్రిప్ట్ ఆ సంగతి చెప్పి అక్కడే ఆగిపోతుంది. విండోస్‌లో క్లాస్‌పాత్ భాగాలను విడదీసే గుర్తు సెమీకోలనే కాబట్టి, దాన్ని అలాగే వదిలేస్తే పాత్ మధ్యలో తెగి, అసలు కారణం తెలియని లోపం ఇంకెక్కడో బయటపడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది కోట్స్ వాడిన తీరు. వేరియబుల్ పేరు, ఈక్వల్స్ గుర్తు, విలువ అన్నీ కలిపి ఒకే జత కోట్స్‌లో, అంటే సెట్ "మోడ్=లైవ్" అన్న పద్ధతిలో రాస్తారు. కోట్స్ లేకుండా సెట్ మోడ్=లైవ్ అని రాసి, పంక్తి చివర తెలియకుండా ఒక స్పేస్ వదిలితే, ఆ స్పేస్ కూడా విలువలో భాగమైపోతుంది. స్క్రీన్ మీద ఎంత చూసినా అది కనిపించదు, కాని కింద ఇఫ్ కమాండ్‌తో పోల్చేచోట రెండు విలువలు కలవవు. నేనొకసారి ఈ ఒక్క స్పేస్ కోసం సగం రోజు వెతికి, చివరకు విలువకు రెండు వైపులా చదరపు బ్రాకెట్లు పెట్టి ఎకో చేసినప్పుడు గాని పట్టుకోలేకపోయాను. ప్రోగ్రామ్ ఫైల్స్ వంటి, మధ్యలో స్పేస్ ఉన్న పాత్‌లు ఈ స్క్రిప్టులో ఇబ్బంది పెట్టకపోవడానికి కూడా ఈ కోట్స్ క్రమశిక్షణే కారణం.

మన మార్పులకు సెట్‌ఎన్వ్.బ్యాట్ అనే వేరే ఫైలు ఉంది. ఇది జిప్‌లో రాదు, మనమే సృష్టించుకోవాలి. స్క్రిప్ట్ దీన్ని ముందు క్యాటలినా_బేస్‌లోని (మన సొంత సెట్టింగులుండే ఫోల్డరులోని) బిన్‌లో, అక్కడ లేకపోతే క్యాటలినా_హోమ్‌లోని బిన్‌లో వెతుకుతుంది. బేస్, హోమ్ ఫోల్డర్లను విడివిడిగా ఉంచుకున్నవారు వెర్షన్ మార్చినప్పుడు హోమ్ ఫోల్డరును మొత్తంగా మార్చేసినా సెట్‌ఎన్వ్ చెక్కుచెదరదు. ఆ రెండు పాత్‌లను మాత్రం సెట్‌ఎన్వ్‌లో పెట్టకూడదు, ఎందుకంటే ఆ ఫైలును వెతికేదే వాటి ఆధారంగా.

జావా_ఆప్ట్స్, క్యాటలినా_ఆప్ట్స్ అనే రెండు వేరియబుళ్ల తేడా దగ్గర చాలామంది తడబడతారు, నేనూ తడబడ్డాను. మొదటిది స్టార్ట్‌కూ స్టాప్‌కూ వర్తిస్తుంది, రెండవది సర్వర్‌ను నడిపే కమాండ్లకే వర్తిస్తుంది. పర్యవేక్షణ కోసం ఒక జేఎంఎక్స్ (నడుస్తున్న జావా ప్రోగ్రామును బయటి నుంచి గమనించే ఏర్పాటు) పోర్టును నేను జావా_ఆప్ట్స్‌లో పెట్టాను. సర్వర్ చక్కగా లేచింది. కాని ఆపబోయేసరికి, స్టాప్ కోసం మొదలైన రెండో జావా ప్రాసెస్ కూడా అదే పోర్టును అడిగి, అప్పటికే అది వాడుకలో ఉండడంతో ఆగిపోయింది. షట్‌డౌన్ సందేశం సర్వర్‌కు చేరనేలేదు. మెమరీ పరిమితులను జావా_ఆప్ట్స్‌లో పెట్టవద్దని, వాటి స్థానం క్యాటలినా_ఆప్ట్స్ అని జిప్‌తో వచ్చే రన్నింగ్.టెక్స్ట్ ఫైలులో స్పష్టంగా రాసి ఉంది.

ఇక పాస్‌వర్డుల సంగతి. డేటాబేస్ పాస్‌వర్డును మైనస్ డీ (-D) ఆప్షన్‌గా, అంటే జావా కమాండ్‌లోనే ఒక పేరు, విలువగా, క్యాటలినా_ఆప్ట్స్‌లో పెట్టడం చాలాచోట్ల కనిపించే అలవాటు, దాన్ని వెంటనే మానుకోవాలి. ఇటీవలి వెర్షన్లలో స్క్రిప్టే ఆ విలువను స్క్రీన్ మీద అచ్చు వేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో కమాండ్ లైన్ కాలమ్ తెరిస్తే అక్కడా అది కనిపిస్తుంది. అంతకంటే ప్రమాదకరమైనది, వెర్షన్ లాగర్ లిజనర్ అనే టామ్‌క్యాట్ భాగం సర్వర్ లేచిన ప్రతిసారీ కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లన్నిటినీ లాగ్ ఫైలులో రాయడం; ఆ లాగ్‌ను మనం సహాయం కోసం ఎవరికైనా పంపితే పాస్‌వర్డును కూడా పంపినట్లే. పైగా జావాను పిలిచే పంక్తిలో ఈ ఆప్షన్ల చుట్టూ కోట్స్ ఉండవు కాబట్టి పాస్‌వర్డులో & గుర్తు ఉంటే కమాండ్ అక్కడే రెండుగా విరుగుతుంది.

నేను అనుసరిస్తున్న పద్ధతిలో, పాస్‌వర్డు ఆప్షన్‌గా కాక మామూలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గానే ఉంటుంది, క్యాటలినా.ప్రాపర్టీస్‌లో ఎన్విరాన్‌మెంట్ ప్రాపర్టీ సోర్స్‌ను (విలువలను ఎన్విరాన్‌మెంట్ నుంచి తెచ్చే టామ్‌క్యాట్ భాగాన్ని) పేర్కొని, సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లో ఆ వేరియబుల్ పేరును మాత్రమే వాడతాను. వెర్షన్ లాగర్ ఎన్విరాన్‌మెంట్ విలువలను మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప లాగ్‌లో రాయదు. ఆ విలువను సెట్‌ఎన్వ్‌లోనే రాయవలసి వస్తే, అందులోని ప్రతి % గుర్తునూ %% అని రెండుసార్లు రాయాలి. ఫైలు అనుమతులను కూడా బిగించాలి, ఎందుకంటే జిప్‌ను సీ డ్రైవ్ మూలంలో విప్పినప్పుడు, అక్కడి నుంచి సంక్రమించే మామూలు అనుమతుల వల్ల యంత్రంలోకి లాగిన్ అయిన సాధారణ యూజర్ కూడా సెట్‌ఎన్వ్‌ను చదవగలడు, కొన్ని విండోస్ వెర్షన్లలో మార్చగలడు కూడా. ఐక్యాక్ల్స్ కమాండ్‌తో సర్వర్‌ను నడిపే అకౌంటుకూ అడ్మినిస్ట్రేటర్లకూ మాత్రమే ఆ ఫైలు అందేలా చేయడం రెండు నిమిషాల పని.

ఈ మెచ్చుకోలు అంతా బ్యాచ్ ఫైలుతో నడిపేవారికే వర్తిస్తుంది. టామ్‌క్యాట్‌ను విండోస్ సర్వీసుగా (ఎవరూ లాగిన్ కాకపోయినా వెనుక నడిచే ప్రోగ్రాముగా) పెట్టుకుంటే అది క్యాటలినా.బ్యాట్ మీదుగా వెళ్లదు, సెట్‌ఎన్వ్‌ను చదవదు. దాని ఆప్షన్లు రిజిస్ట్రీలో ఉంటాయి, వాటిని టామ్‌క్యాట్9డబ్ల్యూ వంటి చిన్న ప్రోగ్రాం ద్వారా మార్చుకోవాలి. సర్వీసుకు మారే రోజున సెట్‌ఎన్వ్‌లోని ప్రతి పంక్తినీ ఎదుట పెట్టుకొని, ఆ విండోలోని జావా ట్యాబ్‌తో ఒక్కొక్కటిగా సరిచూసుకోవడం తప్పనిసరి.