ఫాలోవర్లను పెంచుతామనే ఏజెన్సీలతో జాగ్రత్త

చిన్న వ్యాపారం నడుపుకుంటూ, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీల పని బయటివాళ్లకు అప్పగిద్దామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నన్ను మోసం చేసిన ఏజెన్సీ పేరు చెప్పడం లేదు. చెప్పినా ఉపయోగం తక్కువే, ఇలాంటివాళ్లు బోర్డు మార్చుకుని మళ్లీ దిగుతారు. వాళ్ల పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టేయొచ్చు.

నేను చేత్తో కుట్టిన బ్యాగులు అమ్ముతాను. ఆ ఏజెన్సీవాళ్లు వాళ్లంతట వాళ్లే మెసేజ్ పెట్టారు. "మీ బ్యాగులు చాలా బాగున్నాయి మేడమ్, రీచ్ (ఎక్కువమందికి కనిపించడం) ఒక్కటే లేదు. పదివేల మంది ఫాలోవర్లు మాది గ్యారంటీ" అన్నారు. డబ్బు మొత్తం ముందే కట్టాలన్నారు. పేజీ పాస్‌వర్డ్ ఇస్తే తప్ప పని మొదలవదన్నారు.

ఫాలోవర్లు నిజంగానే పెరిగారు, అదీ రాత్రికి రాత్రే వందల్లో. ఆర్డర్లు మాత్రం ఎక్కడివి అక్కడే. అసలు సంగతి ఎలా బయటపడిందంటే, ఆపరేషన్ ఉంది, కొన్నాళ్లు ఆర్డర్లు తీసుకోలేను అని ఒక పోస్ట్ పెట్టాను. దాని కింద వరసగా "వావ్", "సూపర్ కలెక్షన్", నిప్పు ఎమోజీలు! అప్పుడు ఫాలోవర్ల లిస్టు తెరిచి ఒక్కొక్కరినీ నొక్కి చూశాను. ఫొటో ఉండదు. పేరు చివర అంకెల తోక ఉంటుంది. సొంతంగా ఒక్క పోస్టూ ఉండదు గానీ వేలమందిని ఫాలో అవుతుంటారు. చాలామంది నేను పార్సిల్ పంపే వీలే లేని దేశాలవాళ్లు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే.

అంకె పెరిగింది కదా, నష్టమేముంది అనుకోకండి. ఒక పోస్టును ఇంకెవరికి చూపాలో తేల్చేటప్పుడు ఈ సైట్లు చూసేది జనం దాన్ని ఏం చేస్తారన్నదే: ఆగి చూస్తారా, సేవ్ చేస్తారా, స్నేహితులకు పంపుతారా. దొంగ ఖాతాలు ఆ పనులేవీ చేయవు. పేజీ నిండా వాళ్లే ఉంటే మన పోస్టు ఎవరికీ పట్టనిదిగా కనిపిస్తుంది. రేపు "నా ఫాలోవర్లలాంటి వాళ్లకే ప్రకటన చూపించు" అని డబ్బు పెట్టి అడిగితే, ఈ చెత్తనే నమూనాగా తీసుకునే ప్రమాదం ఉంది. పైగా ఇలాంటి ఖాతాలను ఇన్‌స్టాగ్రామ్ అప్పుడప్పుడు ఏరి పారేస్తుంటుంది. 2014 డిసెంబరులో పెద్ద ఎత్తున తీసేసినప్పుడు పేరున్న సెలబ్రిటీల లెక్కలు కూడా ఒక్కసారిగా పడిపోయాయి. అమెరికాలో అయితే దొంగ ఫాలోవర్లను అమ్మిన డెవుమీ అనే కంపెనీపై వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో చర్య తీసుకుంది. అంటే ఇది ఎవరో ఒకరిద్దరు చేసే చిల్లర పని కాదు, పెద్ద దందా.

ప్రకటనల దగ్గర ఇంకో మాయ. నెలాఖరుకు రంగురంగుల రిపోర్టు పంపేవారు, అందులో లైకుల గ్రాఫ్ ఆకాశంలో ఉండేది. అమ్మకాల సంగతి అడిగితే "ముందు బ్రాండ్ జనంలోకి వెళ్లాలి మేడమ్" అని దాటేసేవారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ మెటా కంపెనీవే, దాని యాడ్స్ మేనేజర్‌లో ప్రకటన మొదలుపెట్టేటప్పుడే దేనికోసమో ఎంచుకోవాలి: అవేర్‌నెస్, ట్రాఫిక్, ఎంగేజ్‌మెంట్, లీడ్స్, యాప్ ప్రమోషన్, సేల్స్. ఎంగేజ్‌మెంట్ కింద పోస్టుకు లైకులు కావాలని పెడితే, లైకు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి వాళ్లకే ప్రకటన చూపిస్తుంది. కొనేవాళ్లకు కాదు. వీళ్లు ప్రతిసారీ పెట్టింది అదే. అందుకే మీకు వచ్చే రిపోర్టులో ఏ లక్ష్యంతో పెట్టారో స్క్రీన్‌షాట్ అడగండి. ఎన్ని ఎంక్వయిరీలు వచ్చాయి, ఒక్కో ఎంక్వయిరీకి ఎంత ఖర్చయింది అన్నవి లేని రిపోర్టు చిత్తు కాగితమే.

అసలు టెన్షన్ పెట్టింది ఇవేవీ కాదు, పని ఆపేద్దాం అన్న తర్వాత జరిగింది. పేజీలో పూర్తి కంట్రోల్ వాళ్ల ఖాతాకు ఇచ్చేసుకుని, నన్ను కింది స్థాయికి దించేశారు. నా కస్టమర్లు నాకు పంపిన మెసేజ్‌లు వాళ్లు చదువుతున్నారు. "బ్యాలెన్స్ క్లియర్ చేస్తే ఇచ్చేస్తాం" అన్నారు. మొత్తం ముందే కట్టించుకున్నాక ఇంకా బ్యాలెన్స్ ఏమిటో వాళ్లకే తెలియాలి. చాలా గొడవ తర్వాత పేజీ చేతికి వచ్చింది. ప్రకటనల ఖాతా మాత్రం వాళ్ల పేరు మీదే తెరిచారు కాబట్టి, నేను డబ్బు పోసి నడిపిన ప్రకటనల చరిత్ర అంతా అక్కడే ఉండిపోయింది.

మీ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం లేదు. మెటా బిజినెస్ సెట్టింగ్స్‌లో వాళ్లను పార్ట్‌నర్‌గా చేర్చి, ప్రకటనలు నడిపే అనుమతి వరకే ఇవ్వొచ్చు. నచ్చకపోతే ఆ క్షణమే తీసేయొచ్చు. "మా సిస్టమ్‌లో అలా కుదరదు" అన్నారంటే లేచి వచ్చేయండి. ప్రకటనల ఖాతా మీ పేరు మీద ఉండాలి, కార్డు మీది ఉండాలి, రోజువారీ ఖర్చు పరిమితి మీరే పెట్టాలి. లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు అడిగే టూ ఫ్యాక్టర్ కోడ్ మీ ఫోన్‌కే రావాలి. ఫాలోవర్ల సంఖ్యకు గ్యారంటీ ఇచ్చేవాళ్లతో మాట కూడా కలపొద్దని నా అభిప్రాయం, కొంచెం కటువుగా ఉన్నా సరే.

వాళ్లు పాత క్లయింట్ల పేజీలు చూపిస్తే సంఖ్య చూసి ఊరుకోకండి, కామెంట్లు చదవండి. "ఈ సైజు ఉందా", "నాకు పార్సిల్ ఇంకా రాలేదు" లాంటివి ఉంటే ఆ పేజీకి నిజమైన కస్టమర్లు ఉన్నట్టే. ఫేస్‌బుక్‌లో పేజ్ ట్రాన్స్‌పరెన్సీ నొక్కితే ఆ పేజీ ఎప్పుడు పెట్టారో, పేరు ఎన్నిసార్లు మార్చారో కనిపిస్తుంది. మెటా యాడ్ లైబ్రరీలో వాళ్ల క్లయింట్ పేరు కొట్టి చూడండి, ఇప్పుడు ఏ ప్రకటనలు నడుస్తున్నాయో ఎవరికైనా కనిపిస్తాయి. ఆ క్లయింట్‌కు నేరుగా మెసేజ్ పెట్టి అడగడం అన్నిటికన్నా మేలు.

ఇప్పుడు పేజీ నేనే చూసుకుంటున్నాను. కొన్నవాళ్లు పంపిన ఫొటోలు వాళ్ల అనుమతితో పెట్టడం, మెసేజ్‌కు ఆ పూటే జవాబివ్వడం, కస్టమర్ల నంబర్లు పేజీతో సంబంధం లేకుండా విడిగా రాసి పెట్టుకోవడం, అంతే. సంఖ్య చిన్నదే గానీ అడిగేవాళ్లు నిజమైన మనుషులు.

ఇంకొకటి. ఇలా మోసపోయామని ఎక్కడైనా రాస్తే చాలు, "పోయిన పేజీ తిరిగి ఇప్పిస్తాం, ఫలానా ఎక్స్‌పర్ట్‌ను సంప్రదించండి" అంటూ కొందరు దిగిపోతారు. వాళ్లూ అడ్వాన్సే అడుగుతారు. ఈ పోస్టు కింద అలాంటి కామెంట్ కనిపిస్తే జవాబివ్వకుండా రిపోర్ట్ కొట్టండి.