సైడ్ హ్యాండిల్ బిగించకుండా ఈ డ్రిల్ ఆన్ చెయ్యకండి

ఇంటి పనులకని ఈ 13 ఎంఎం ఇంపాక్ట్ డ్రిల్ కొన్నాం. ఇటుక గోడకి కర్టెన్ రాడ్లు, షెల్ఫులు బిగించడానికి చాలా బాగుంది, ట్రిగ్గర్ నొక్కేదాన్ని బట్టి స్పీడు చక్కగా తగ్గుతుంది, పెరుగుతుంది. నా అభ్యంతరమంతా సేఫ్టీ గురించే.

పిల్లర్‌లోనో స్లాబులోనో రంధ్రం వేస్తుంటే బిట్ వెళ్లి లోపలి ఇనుప చువ్వకి తగిలి ఇరుక్కుందనుకోండి, బిట్ ఆగుతుంది గానీ మోటార్ ఆగదు, దాంతో మెషీన్ మొత్తం గిర్రున తిరిగి మణికట్టుని మెలిపెట్టేస్తుంది. అలాంటప్పుడు జారిపోయి మోటార్ బలం చేతి మీదకి రాకుండా చూసే సేఫ్టీ క్లచ్ మంచి రోటరీ హ్యామర్లలో (కాంక్రీట్‌కి వాడే గట్టి డ్రిల్ మెషీన్లు) ఉంటుంది, ఇందులో లేదు. రెండో చేత్తో పట్టుకునే సైడ్ హ్యాండిల్ ఇచ్చారు గానీ బాక్సు అడుగున విడిగా పడేశారు. మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని బయటికి కూడా తియ్యకుండా డ్రిల్‌ని ఒంటిచేత్తో పిల్లర్ మీద పెట్టాడు, బిట్ పట్టేసింది, పాపం బొటనవేలి వైపు మణికట్టు అంతా వాచిపోయింది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే బెణుకేలే అని బామ్ రాసి ఊరుకోకండి, లోపల స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎముకల డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే.

ట్రిగ్గర్ పక్కనున్న లాక్ బటన్ మాత్రం గోడ పనిలో అస్సలు వాడొద్దు, వేలు తీసినా డ్రిల్ తిరుగుతూనే ఉంటుంది. లూజు గ్లౌజులూ వద్దు, బిట్‌ని పట్టి ఉంచే చక్‌లో చుట్టుకుంటాయి.

ఇటుక గోడలకే అయితే తీసుకోండి. కాంక్రీట్ పని ఎక్కువుంటే ఇంకొంచెం డబ్బు పెట్టి క్లచ్ ఉన్న రోటరీ హ్యామరే కొనండి.