పదవీ విరమణ ముంగిట గృహరుణం మార్పిడి: ఒక రీఫైనాన్స్ సేవపై సమీక్ష

ఉద్యోగ విరమణ దగ్గరపడుతుండగా, మిగిలి ఉన్న గృహరుణాన్ని తక్కువ వడ్డీకి మారుస్తామన్న ఒక రుణ సంస్థ సేవను ఇటీవల వినియోగించుకున్నాను. సిబ్బంది పనితీరు మెచ్చుకోదగినదే గాని, వారు మొదట నా ముందు పెట్టిన ప్రతిపాదన మాత్రం ఈ వయసువారు ఒప్పుకోదగినది కాదు.

ఆ ప్రతిపాదన పత్రంలో పాత నెలసరి వాయిదా, కొత్త వాయిదా పక్కపక్కనే పెద్ద అంకెల్లో ఉన్నాయి. కొత్త కాలపరిమితి అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. చివరిదాకా కట్టబోయే మొత్తం వడ్డీ మాత్రం అందులో ఎక్కడా లేదు. విరమణకు దగ్గరైన వ్యక్తి ముందుగా చూడవలసింది ఆ మొత్తాన్నీ, అప్పు తీరే తేదీనీ.

లెక్క తేలికగా ఉండేందుకు గుండ్రని అంకెలు తీసుకుంటాను. అసలు 20 లక్షలు మిగిలి ఉండి, 9.5 శాతం వడ్డీతో ఇంకా 8 ఏళ్లు కట్టవలసి ఉంటే వాయిదా నెలకు సుమారు 29,820 అవుతుంది. దానిని 8.5 శాతానికి మార్చి, గడువును 15 ఏళ్లకు పొడిగిస్తే వాయిదా 19,695కు దిగుతుంది. నెలకు పది వేలు మిగులుతున్నాయంటే ఎవరికైనా ఊరటగానే ఉంటుంది. అయితే ఇకపై కట్టవలసిన వడ్డీ పాత పద్ధతిలో దాదాపు 8.63 లక్షలైతే, కొత్త పద్ధతిలో 15.45 లక్షలు. వడ్డీ రేటు ఒక శాతం తగ్గినా, చెల్లించే వడ్డీ 6.8 లక్షలు పెరిగిందన్నమాట. పైగా రెండేళ్లలో విరమణ పొందే వ్యక్తి మిగిలిన 13 ఏళ్ల వాయిదాలను పింఛను నుంచో, దాచుకున్న సొమ్ము నుంచో కట్టాలి. దంపతుల్లో ఒకరు ముందుగా కన్నుమూసి, పింఛను తగ్గిపోతే, ఆ భారం మిగిలిన ఒక్కరి మీదే పడుతుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

గడువును 8 ఏళ్లకు మించనివ్వకుండా లెక్క వేయమని అడిగినప్పుడు ప్రతినిధి విసుక్కోలేదు. ప్రతి నెలా అసలు ఎంత, వడ్డీ ఎంత అన్న పూర్తి పట్టికను మరునాడే పంపించారు. పై ఉదాహరణలోనే 8.5 శాతానికి 8 ఏళ్లయితే వాయిదా సుమారు 28,785. తగ్గేది నెలకు వెయ్యికి కాస్త పైనే అయినా, మొత్తం మీద దాదాపు లక్ష మిగులుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, ఇంటి విలువ మదింపు, న్యాయ పరిశీలన, తనఖా నమోదు ఖర్చులు కలిసి 30,000 అయ్యాయనుకుంటే, అవి తిరిగి రావడానికే 29 నెలలు పడుతుంది. విరమణ సమయంలో చేతికొచ్చే సొమ్ముతో ఆలోపే అప్పు తీర్చేయాలనుకునేవారు, ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారాలనుకునేవారు రుణాన్ని మార్చుకోకపోవడమే మేలు. అలాగని చేతిలోని డబ్బంతా అప్పుకే కట్టేసి, వైద్య ఖర్చులకు ఏమీ మిగలకుండా చేసుకోవడాన్నీ నేను సమర్థించను.

మారే వడ్డీ రేటున్న రుణాల్లో రేటు పెరిగినప్పుడు, కొన్ని సంస్థలు వాయిదాను అలాగే ఉంచి గడువును పొడిగిస్తాయి. అలా చేయవద్దని, వాయిదానే పెంచమని రాతపూర్వకంగా కోరితే ఈ సంస్థ అంగీకరించింది. ముందస్తు చెల్లింపుపై రుసుము లేదన్న మాటను కూడా ఒప్పంద పత్రంలో చూసుకున్న తర్వాతే సంతకం చేశాను. జీతం వస్తుండగానే దరఖాస్తు చేస్తే అర్హత సులువుగా వస్తుందని సిబ్బంది చెప్పినది నిజమే గాని, ఆ కారణంతో తొందరపెట్టడం సరికాదు.

నాకు నచ్చనిది చివరి దశ. పాత సంస్థ నుంచి ఇంటి అసలు పత్రాలు తెప్పించే పనిని దాదాపుగా ఖాతాదారుకే వదిలేశారు. కొత్త రుణం విడుదలైనా పాత ఖాతా మూతపడనంత వరకు రెండు వైపులా వడ్డీ పడుతుంది కాబట్టి, ఆ రోజుల వడ్డీని కూడా మార్పిడి ఖర్చుల్లో ముందే కలుపుకోవాలి.