సిడ్నీ రేవులో క్యాథ్లీన్ గిల్లెట్

డార్లింగ్ హార్బర్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది అక్వేరియం చూసి వెనుదిరుగుతారు. పిర్మాంట్ వైపు ఇంకాస్త నడిస్తే జాతీయ సముద్రయాన మ్యూజియం వస్తుంది. అక్కడ యుద్ధనౌక, జలాంతర్గామి ఎక్కడానికి జనం బారులు తీరతారు. నా ఓటు మాత్రం అదే రేవులో కట్టి ఉన్న 13 మీటర్ల కొయ్య పడవ క్యాథ్లీన్ గిల్లెట్‌కే. టికెట్ కొనకపోయినా ఒడ్డున నిలబడి దాన్ని తనివితీరా చూడవచ్చు.

సముద్రాన్ని చిత్రించే జాక్ ఎర్ల్ దీన్ని కట్టించి, భార్య పేరు పెట్టుకున్నాడు. నమూనా నార్వేవాడైన కోలిన్ ఆర్చర్‌ది. తుపానులో చిక్కిన జాలర్లను కాపాడే పడవలతో పేరు తెచ్చుకున్న మనిషి. అందుకే దీని వెనుక భాగం కూడా ముందు భాగంలాగే కోసుగా ఉంటుంది. తరుముకొచ్చే అల అక్కడ తాకి రెండుగా చీలిపోతుంది. చుక్కాని ఆ కోసుకే బయట వేలాడుతుంది. ఒడ్డు నుంచి ఈ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి, తొందరపడకుండా చూడండి.

వేగం కోసం కట్టిన పడవ కాదు. అయినా 1945 డిసెంబర్ 26న బయలుదేరిన తొలి సిడ్నీ–హోబార్ట్ పందెంలోని తొమ్మిది పడవల్లో ఇదొకటి. సిడ్నీ నుంచి టాస్మేనియా దీవిలోని హోబార్ట్ దాకా సాగే తెరచాప పడవల పందెం అది. ఎర్ల్, ఆయన స్నేహితులు సెలవుల్లో హోబార్ట్ దాకా వెళ్లొద్దామనుకుంటే, పందెంగా చేద్దామన్నది బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఇల్లింగ్‌వర్త్. ‘రాణి’ అనే పడవతో గెలిచిందీ ఆయనే. ఎర్ల్ 1947లో ఇదే పడవలో ప్రపంచాన్ని చుట్టడానికి బయలుదేరి, మరుసటి ఏడాది తిరిగొచ్చాడు. ఆ తర్వాత అది చేతులు మారి, చివరికి పసిఫిక్ దీవి గువామ్‌లో పాడుబడి దొరికింది. ఆస్ట్రేలియాలో బ్రిటిష్‌వాళ్లు స్థిరపడి రెండు వందల ఏళ్లు నిండిన ద్విశతాబ్ది సందర్భంగా నార్వే ప్రభుత్వం దాన్ని కొని కానుకగా ఇచ్చింది.

ఇంత విలువైనదాన్ని లోపల పెట్టకుండా నీళ్లలో ఎందుకుంచారని మా అబ్బాయి అడిగాడు. కొయ్య ఎండితే పలకలు ముడుచుకుని అతుకులు విచ్చుకుంటాయి. తాళ్లరేవులో పడవలు కట్టేవారికి ఇది చెప్పనక్కర్లేదు. తేలుతూ ఉంటేనే దానికి ఆయుష్షు. అందుకు ఏడాది పొడవునా చాకిరీ తప్పదు. ఆ పని చేస్తున్నవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

బస విషయానికొస్తే, హార్బర్ చుట్టూ హోటళ్లు ఖరీదు. మేము సిడ్నీ శివారులోని హారిస్ పార్క్‌లో దిగాం. రైల్లో రావాలి, కానీ అద్దె తక్కువ, మన భోజనం వీధి వీధినా దొరుకుతుంది. పిల్లలున్నవాళ్లకు అదే మేలు.

అక్కడి నుంచి హోబార్ట్‌కు విమానంలో వెళ్లాం. రేవు కనిపించే గదికని ఎక్కువ డబ్బు తీసుకున్న హోటల్‌వాళ్లు కార్లు నిలిపే చోటు కనిపించే గది ఇచ్చారు, అడిగితే మార్చలేదు. ఊరు మాత్రం ఆ కోపాన్ని మరిపించింది. పందెం పడవలు వచ్చి చేరే కాన్‌స్టిట్యూషన్ డాక్ చుట్టూ హాయిగా తిరగవచ్చు. తొలి పందెంలో క్యాథ్లీన్ గిల్లెట్‌తో పాటు సాగిన ‘విన్‌స్టన్ చర్చిల్’ అనే పడవను కట్టింది ఈ ఊళ్లోనే. 1998 పందెంలో తుపానుకు అది మునిగి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ పందెంలో మొత్తం ఆరుగురు పోయారు. ఇది తెలిశాక డాక్‌లోని ప్రతి పడవనూ ఇంకోలా చూస్తాం.

పందెం ఆరంభం చూడాలంటే డిసెంబర్ 26న సిడ్నీలోనే ఉండండి. వాట్సన్స్ బే దగ్గరి సౌత్ హెడ్ కొండ మీది నుంచి చూడటానికి పైసా ఖర్చు లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది కాబట్టి పొద్దున్నే చోటు చూసుకోవాలి.