స్టిల్‌వెల్, వెడెమయర్: చైనాలో ఎవరు మేలు?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో చైనా అధినేత చాంగ్ కై షేక్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా, అంటే సైనిక వ్యవహారాల్లో ప్రధాన సహాయకుడిగా, అమెరికా ఇద్దరు జనరల్స్‌ను పంపింది. 1942 నుంచి జోసెఫ్ స్టిల్‌వెల్, 1944 అక్టోబరు నుంచి ఆల్బర్ట్ వెడెమయర్. నా ఓటు వెడెమయర్‌కే.

మనసు మాత్రం స్టిల్‌వెల్ వైపు లాగుతుంది. చైనా భాష వచ్చు, అక్కడి మామూలు సిపాయి మీద ప్రాణం. బర్మా జపాన్ వశమైనప్పుడు విమానం ఎక్కి పోకుండా తన బృందాన్ని అడవుల్లో నడిపించుకుంటూ ఇంఫాల్ చేర్చాడు. చావుదెబ్బ తిన్నామని దాచకుండా చెప్పాడు. కడుపునిండా తిండి, సరైన శిక్షణ ఉంటే చైనా సైనికుడు ఎవరికీ తీసిపోడని నమ్మి, ఇప్పటి జార్ఖండ్‌లోని రామ్‌గఢ్‌లో దాన్ని చేసి చూపించాడు.

కానీ ఆ కొలువులో ఒక్క రంగాన్ని గెలిస్తే చాలదు. 1944 ఆగస్టు 3న ఆయన బలగాలు బర్మాలో మిచినాను పట్టుకున్నాయి. సరిగ్గా అయిదు రోజులకు చైనాలో హెంగ్యాంగ్ నగరం జపాన్ చేతికి చిక్కింది. చైనాకు సరుకు చేరే బర్మా నేలదారిని తిరిగి తెరవాలన్న పట్టుదలలో చైనా లోపలి ముప్పు ఆయనకు చిన్నదిగా కనిపించిందనే నా అభిప్రాయం. పైగా చాంగ్‌ను డైరీలో వెటకారంగా ‘పీనట్’ (వేరుశనగ గింజ) అని రాసుకునేవాడు. చైనా సేనలన్నీ స్టిల్‌వెల్‌కు అప్పగించమంటూ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సెప్టెంబరులో పంపిన ఘాటైన సందేశాన్ని స్టిల్‌వెల్ తానే తీసుకెళ్లి చాంగ్‌కు అందించాడు. అంత అవమానాన్ని ఏ దేశాధినేతా దిగమింగడు. నెల తిరిగేసరికి స్టిల్‌వెల్‌ను వెనక్కి పిలిపించారు.

వెడెమయర్ లెక్కల మనిషి. బెర్లిన్ యుద్ధ కళాశాలలో చదివి వచ్చాడు. 1941లోనే అమెరికా సైన్యానికి దాదాపు 88 లక్షల మంది కావాలని అంచనా కట్టాడు. డివిజన్ల (వేల మంది సైనికులుండే పెద్ద దళాల) లెక్క తప్పింది: ఆయన అన్నవి 215, చివరికి ఏర్పడ్డవి 90 దాకా. అయినా మొత్తం బలగం విషయంలో అంచనా వాస్తవానికి దగ్గరగానే నిలిచింది.

చైనా యుద్ధకాల రాజధాని చుంగ్‌కింగ్‌లో ఆయన చాంగ్‌తో మర్యాదగా మసలుతూనే, ఏం చెయ్యాలో సూటిగా చెప్పేవాడు. హిమాలయాల మీదుగా వచ్చే సరుకంతా దిగే కున్మింగ్‌ను కాపాడటమే మొదటి పని అని తేల్చుకున్నాడు. అంతకుముందు ఆగ్నేయాసియాలో మిత్రపక్షాల సేనాధిపతి మౌంట్‌బాటెన్ దగ్గర పనిచేసినవాడే అయినా, ఆ మౌంట్‌బాటెన్ అభ్యంతరాన్నే తోసిరాజని బర్మా నుంచి రెండు చైనా డివిజన్లను విమానాల్లో రప్పించాడు. 1945 వసంతంలో జపాన్ సేన చైనాలోని జిజియాంగ్ విమానాశ్రయం మీదికి వచ్చి, పట్టుకోలేక వెనుదిరిగింది. అప్పటికి జపాన్ బలం సన్నగిల్లిన మాట నిజమే. అక్కడ అండగా దించిన ఆ డివిజన్లు స్టిల్‌వెల్ తీర్చిదిద్దినవే. కానీ వాటిని అవసరమైన చోటికి, అవసరమైన వేళకు తెచ్చినవాడు వెడెమయర్.